డాన్ యెంకో చేసిన కార్లలో ఏది ఎవరికి?

పోయిన వేసవిలో పిట్స్‌బర్గ్‌కి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో పాత కార్ల ప్రదర్శన ఉంటే వెళ్ళాను. నారింజ రంగు 1969 షెవర్లే కమారో చుట్టూ జనం మూగి ఉన్నారు. పక్కనున్న చారల్నీ, సీటు తలగడ మీది ఎస్‌వైసీ (యెంకో సూపర్ కార్) గుర్తునీ అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. డెబ్భై దాటిన ఓనరు నన్ను బానెట్ దగ్గరికి పిలిచి, చేతికి చిన్న టార్చ్ ఇచ్చి, ఇంజన్ కుడివైపు ముందుభాగంలో ఒకచోట చూపించాడు. సిలిండర్ హెడ్‌కి కాస్త ముందు, రెండు వేళ్ళ వెడల్పున చదునైన ఇనప గట్టు. దాని మీద కొన్ని అంకెలు, అక్షరాలు కొట్టి ఉన్నాయి. వాటి వెనక దువ్వెనతో దువ్వినట్టు సన్నటి సమాంతర గీతలు. "ఈ గీతలు చెరిగిపోతే ఈ కారు మామూలు కమారో అయిపోతుంది" అన్నాడాయన.

కొనాలనుకునేవాళ్ళు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ మాటే. ఎందుకో చెప్పే ముందు, ఆ కారుని అమ్మిన డీలరు డాన్ యెంకో ఎవరో నాలుగు ముక్కలు చెప్తాను.

పిట్స్‌బర్గ్‌కి నైరుతిగా సుమారు ఇరవై మైళ్ళ దూరంలో క్యానన్స్‌బర్గ్ అనే ఊరుంది. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చిపోయే మన తెలుగువాళ్ళలో చాలామంది 79వ నంబరు హైవే మీద ఆ ఊరి బోర్డు చూసే ఉంటారు. అక్కడ యెంకో కుటుంబానికి షెవర్లే డీలర్‌షిప్ ఉండేది. 1927లో పుట్టిన డాన్ యెంకో ఆ ఇంటి అబ్బాయి. 1960ల మొదట్లో కార్వెట్ కార్లు నడిపి రేసుల్లో పేరు తెచ్చుకున్నాడు. అప్పట్లో షెవర్లేలు తయారుచేసే జనరల్ మోటార్స్‌ కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేది. చిన్న కార్లలో, మధ్యరకం కార్లలో 400 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదు. 427 అంగుళాల ఇంజన్, అంటే మన లెక్కలో 7 లీటర్లది, కార్వెట్‌కీ పెద్ద కార్లకీ మాత్రమే. కంపెనీ పెట్టనంటే మా వర్క్‌షాపులో మేమే పెడతాం అన్నాడు యెంకో. తర్వాత ఇంకో అడుగు ముందుకేసి, కంపెనీ చేతే పెట్టించాడు. 1987లో విమాన ప్రమాదంలో పోయేదాకా ఆయన కార్ల మీద ప్రయోగాలు మానలేదు.

ఆయన చేతి మీదుగా వెళ్ళిన కార్లు కొన్ని వందలే. అవన్నీ ఒకే రకం కావు. రేసు కారుంది, ఇంజన్ మార్చిన కారుంది, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిన కారుంది, ఇన్సూరెన్స్ కంపెనీల ఒత్తిడి వల్ల పుట్టిన కారూ ఉంది. "యెంకో కొంటాను" అంటే సరిపోదు. ఏ యెంకో అన్నది ముందు తేల్చుకోవాలి.

## వేటిని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది, ఇంజన్ ఎవరు పెట్టారు అనేది. ఫ్యాక్టరీయా, డీలరా? వినడానికి చిన్న తేడాలాగే ఉంటుంది గానీ తర్వాతి చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి. యెంకో తెలివి, ఆయన మెకానిక్‌ల చేతిపని ఎంత ఎక్కువ పడితే ఆ కారుని రుజువు చేయడం అంత కష్టం. ఫ్యాక్టరీ లైన్ మీద తయారైన కారు ఇంజన్ మీద కారు నంబరులో చివరి అంకెలు కొట్టి ఉంటాయి, ఇంజన్ కోడ్ ఉంటుంది. డీలరు వర్క్‌షాపులో మార్చిన ఇంజన్‌కి ఆ జత కుదరదు. అక్కడ డీలరు బిల్లు, రికార్డులు, పాత ఓనర్ల మాటే ఆధారం.

రెండోది కాగితం. 1960ల షెవర్లే కార్ల ఛాసిస్ నంబర్‌లో అది ఆరు సిలిండర్లదా, వీ8దా (ఎనిమిది సిలిండర్లదా) అన్నది మాత్రమే తెలుస్తుంది. ఏ వీ8 అన్నది తెలియదు. 307 ఇంజన్ కారైనా 427 కారైనా నంబరు ఒకేలా మొదలవుతుంది. అదే జనరల్ మోటార్స్ వాళ్ళ పాంటియాక్ కార్లకైతే ఫ్యాక్టరీ రికార్డులు తెప్పించుకునే వీలుంది. అమెరికాలో అమ్మిన ఆనాటి షెవర్లేలకి ఆ సదుపాయం లేదు. అందుకే నకిలీలు పుట్టాయి. మామూలు కమారో కొని, చారలు అంటించి, 427 ఇంజన్ దించి, యెంకో అని అమ్మడం దశాబ్దాలుగా జరుగుతోంది.

మూడోది, మీరు దాన్ని నడుపుతారా, దాస్తారా? నెలకోసారి పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీమ్ తినడానికి వెళ్ళే కారు వేరు, ఏసీ గ్యారేజీలో గుడ్డ కప్పి పెట్టే కారు వేరు.

విడిభాగాలు, మెకానిక్, డబ్బు ఆ తర్వాతి సంగతులు. డబ్బుని చివర చెప్పడం కావాలనే. కారు తప్పుగా ఎంచుకుంటే తక్కువ ధరకి దొరికినా నష్టమే.

## స్టింగర్: రేసు కోసం పుట్టిన తెల్ల కారు

1965లో షెల్బీ వాళ్ళు పదునుపెట్టిన ఫోర్డ్ మస్టాంగ్‌లు రేసుల్లో కార్వెట్లని ఓడించడం మొదలుపెట్టాయి. యెంకో చూపు షెవర్లే వాళ్ళదే అయిన కోర్వెయిర్ కారు మీద పడింది. ఇంజన్ వెనక ఉంటుంది, ఆరు సిలిండర్లు, గాలితో చల్లబడుతుంది, రేడియేటరే ఉండదు. దాన్ని స్పోర్ట్స్ కారుగా నమోదు చేయించాలంటే స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా రూలు ప్రకారం వెనక సీటు ఉండకూడదు, వంద కార్లు తయారై ఉండాలి. కోర్వెయిర్‌లోనే 1966 కోర్సా మోడల్ కార్లు వంద తెప్పించి వెనక సీట్లు తీసేశాడు. బ్రేకులు, స్టీరింగ్, ఇంజన్ మార్చాడు. అన్నీ తెలుపే, మీద నీలం చారలు. పేరు స్టింగర్. ఇంజన్ ఎంత పదును పెట్టారన్న దాన్ని బట్టి స్టేజ్‌లు. మొదటి స్టేజ్ 160 హార్స్‌పవర్, పైస్థాయిలో 240 దాకా.

కోర్వెయిర్ అనగానే, కార్ల భద్రత గురించి పోరాడిన రాల్ఫ్ నాడర్ విమర్శలు గుర్తొచ్చి భయపడేవాళ్ళున్నారు. ఆ గొడవ 1960 నుంచి 1963 దాకా వచ్చిన కార్ల వెనక సస్పెన్షన్ గురించి. 1965 నుంచి ఆ సస్పెన్షన్‌ని పూర్తిగా మార్చేశారు. స్టింగర్ ఆ కొత్త తరం కారే, మలుపుల్లో చక్కగా కూర్చుంటుంది.

యెంకో కార్లలో నడపడానికి నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. తేలిక, చిన్నది, స్టీరింగ్‌లో ప్రాణం ఉంటుంది. కాకపోతే దీని ఫ్యాన్ బెల్ట్‌కి ఒక గుణం ఉంది. ఇంజన్ పుల్లీ నిలువుగా ఉంటే ఫ్యాన్ పైన పడుకుని ఉంటుంది కాబట్టి బెల్ట్ మధ్యలో తొంభై డిగ్రీలు మెలి తిరుగుతుంది. సర్దుబాటు సరిగా లేకపోతే ఎగిరిపోతుంది. ఎగిరిపోయిన నిమిషాల్లో ఇంజన్ కాలిపోతుంది. ఈ కారున్నవాళ్ళ డిక్కీలో, అంటే ముందువైపు డిక్కీలో, ఒక స్పేర్ బెల్టూ పానాలూ ఎప్పుడూ ఉంటాయి. పుష్‌రాడ్ గొట్టాల దగ్గర రబ్బరు రింగులు ఎండిపోయి ఆయిల్ కారడం కూడా మామూలే. రెండింటికీ భయపడక్కర్లేదు, చేతికి నూనె అంటించుకునే ఓపిక ఉంటే చాలు.

రుజువు సంగతికొస్తే, స్టింగర్లకి యెంకో సొంత నంబరు రేకులుండేవి. కోర్వెయిర్ అభిమానుల సంఘాలు బలమైనవి, ఏ నంబరు ఎవరి దగ్గరుందో వాళ్ళ దగ్గర చాలావరకు లెక్క ఉంటుంది. రేసుల్లో తిరిగిన కారైతే బాడీ ఎన్నిసార్లు డెంటింగ్ పడిందో చూసుకోవాలి.

## 1967, 1968 కమారో: వర్క్‌షాపులో పుట్టినవి

కమారో వచ్చిన తొలి రెండేళ్ళూ యెంకో పని ఇలా సాగింది. 396 ఇంజన్ ఉన్న ఎస్‌ఎస్ అనే స్పోర్ట్స్ మోడల్ కమారో తెప్పించడం, ఆ ఇంజన్ దించేయడం, దాని చోట 427 ఎక్కించడం. డ్రాగ్ రేసర్ (తిన్నటి దారిలో పావు మైలు పందేలు ఆడేవాడు) డిక్ హారెల్ ఇందులో భాగస్వామి. రెండు ఇంజన్ల బయటి కొలతలు ఒకటే కాబట్టి పని కుదిరింది.

చరిత్ర పరంగా యెంకో కమారోల్లో అసలైన నాటుసరుకు ఇవే. డీలరు బుర్ర, మెకానిక్ చెయ్యి రెండూ కనపడతాయి. సంఖ్య కూడా ఏడాదికి పదుల్లోనే. కానీ నేను ముందు చెప్పిన చిక్కు ఇక్కడే గట్టిగా తగులుతుంది. ఇంజన్ ఫ్యాక్టరీలో పెట్టింది కాదు కాబట్టి, కారు నంబరుతో జత కలవకపోవడమే సహజం. అది తెలియని కొనుగోలుదారు మంచి కారుని అనుమానించి వదిలేస్తాడు, తెలిసిన మోసగాడు దాన్నే సాకుగా వాడుకుంటాడు. మొదటి ఓనరు దగ్గర్నుంచి గొలుసు తెగకుండా కాగితాలుంటేనే దీని జోలికి వెళ్ళండి.

## 1969 కమారో: అందరూ కోరుకునేది

షెవర్లేలో "సెంట్రల్ ఆఫీస్ ప్రొడక్షన్ ఆర్డర్" అనే పద్ధతి ఒకటుండేది, ముద్దుగా కోపో. పోలీసు కార్లు, టాక్సీలు, కంపెనీల ట్రక్కులు ఎక్కువ సంఖ్యలో కొనేవాళ్ళకి ప్రత్యేక రంగో, ప్రత్యేక సీటు గుడ్డో కావాలంటే ఆ దారిలో ఆర్డర్ పెట్టేవాళ్ళు. మామూలు ఆప్షన్ల చీటీలో లేనివి దీని ద్వారా దొరికేవి. యెంకో ఆ దారినే పట్టుకుని కమారోల్లో 427 ఇంజన్ ఫ్యాక్టరీలోనే బిగించి పంపమని అడిగాడు. కోపో 9561 అంటే అదే. టాక్సీల కోసం పెట్టిన తలుపు గుండా ఏడు లీటర్ల ఇంజన్ని బయటికి తెచ్చాడు! ఇన్నేళ్ళయినా ఆ ఆలోచనకి నాకు ముచ్చటేస్తుంది.

లెక్కల్లో 425 హార్స్‌పవర్. యెంకో ప్రచారంలో 450 అని రాసుకున్నాడు. స్లిక్ టైర్లు, అంటే గాళ్ళు లేని నున్నటి రేసు టైర్లు వేసి డ్రాగ్ స్ట్రిప్ మీద పావు మైలుని 11.94 సెకన్లలో దాటించారు. ఆర్డర్‌లో భాగంగా 140 మైళ్ళ స్పీడోమీటర్, 15 అంగుళాల చక్రాలు, ముందు లావుపాటి స్వే బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) వచ్చేవి. క్యానన్స్‌బర్గ్ చేరాక చారలు, ఎస్‌వైసీ గుర్తులు తగిలించేవారు. ఎస్‌వైసీ అంటే యెంకో సూపర్ కార్. మొత్తం 201 అని ఎక్కువమంది ఒప్పుకునే లెక్క.

ఇది ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ నుంచి ఇంజన్‌తో సహా వచ్చింది కాబట్టి రుజువు గట్టిగా దొరుకుతుంది. ఇంజన్ గట్టు మీద మాన్యువల్ గేర్లయితే ఎమ్‌ఎన్, ఆటోమేటిక్ అయితే ఎమ్‌ఓ కోడ్. పక్కనే కారు నంబరు చివరి అంకెలు. వెనక యాక్సిల్ గొట్టం మీద బీఈ అనే కోడ్, అంటే 4.10 గేరు నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ 4.10 చుట్లు తిరగాలి). ఈ మూడూ కలిసి, కింద ఫ్యాక్టరీ మిషను గీతలు చెక్కుచెదరకుండా ఉంటే మీరు మంచి కారు ముందు నిలబడ్డట్టే. కోపో 427 కమారోలు వేరే డీలర్లూ తెప్పించుకున్నారు, కాబట్టి కోపో అని తేలాక కూడా అది యెంకో దుకాణానికే వెళ్ళిందని చూపించే కాగితం కావాలి. ఈ రెండో మెట్టు దగ్గరే చాలామంది పొరబడతారు. కోపో వేరు, యెంకో కోపో వేరు. ధరలో తేడా మీ ఇంటి డౌన్ పేమెంట్ అంత ఉంటుంది.

నడపడం ఎలా ఉంటుంది? ఏసీ లేదు. కంప్రెషన్ 11:1 కాబట్టి బంకులో దొరికే మంచి ప్రీమియం పెట్రోలు కూడా కొన్నిసార్లు చాలదు, ఆక్టేన్ పెంచే మందు కలపాలి. ట్యాపెట్ సెట్టింగ్ చేయించుకుంటూ ఉండాలి. 4.10 యాక్సిల్ వల్ల గంటకి 65 మైళ్ళకే ఇంజన్ మూడు వేల ఆర్‌పీఎం దాటి అరుస్తుంది. అరగంట సంతోషంగా ఉంటుంది, రెండో గంటలో తలనొప్పి మొదలవుతుంది. విడిభాగాల బెంగ మాత్రం లేదు. 1969 కమారోకి బాడీ షెల్లుతో సహా కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. నకిలీలు అంత తేలిగ్గా పుట్టడానికి అదీ ఒక కారణమే అనుకోండి.

ఇదే ఏడాది ఇల్లినాయ్‌లోని లాహార్ప్ అనే చిన్న ఊరి డీలరు ఫ్రెడ్ గిబ్ ఇదే కోపో దారిలో పూర్తి అల్యూమినియం 427 ఇంజన్‌తో 50 కమారోలు ఆర్డర్ చేశాడు. జెడ్‌ఎల్1 అంటే అవే, మొత్తం 69 తయారయ్యాయి. ఇంజన్ ఖర్చే నాలుగు వేల డాలర్లు దాటి, కారు ఏడు వేల పైకి పోయింది. మామూలు వీ8 కమారో మూడు వేల లోపు దొరికే రోజులవి. అమ్ముడుపోక గిబ్ చాలా కార్లు వెనక్కి పంపాల్సి వచ్చింది. యెంకో ఇనప 427తోనే సరిపెట్టుకున్నాడు కాబట్టి ఆయన కారు మామూలు ఉద్యోగస్తుడి చేతికి కూడా అందింది. డీలరుగా ఆయన లెక్క తెలిసినవాడని నేను అనుకునేది ఇందుకే.

## షెవెల్

షెవర్లే మధ్యరకం కారు షెవెల్, 1969ది, సంగతి త్వరగా చెప్పేయొచ్చు. ఇంజన్ అదే, దారీ అదే, కోపో నంబరు 9562, యెంకోకి వెళ్ళినవి 99. కమారో కంటే పొడుగు, వెనక సీట్లో పెద్దవాళ్ళు నిజంగా కూర్చోగలరు. సంఖ్య కమారోలో సగం అయినా గిరాకీ మాత్రం కమారోకే ఎక్కువ. కుటుంబంతో కలిసి ప్రదర్శనలకి వెళ్ళేవాళ్ళు, అరుదైనదే కావాలి గానీ అందరి దగ్గరా ఉన్నది వద్దనుకునేవాళ్ళు దీన్ని చూడాలి.

## నోవా 427: చూసి దణ్ణం పెట్టుకునేది

1969లోనే షెవర్లే చిన్న కారు నోవాలో కూడా 427 పెట్టారు. దీనికి ఫ్యాక్టరీ ఒప్పుకోలేదు, కాబట్టి 396 నోవాలు తెప్పించి యెంకో వర్క్‌షాపులో మార్చారు. 37 అని ఎక్కువగా వినపడే లెక్క. ఇవాళ మిగిలి, నిజమని తేలినవి చాలా కొద్ది.

తేలిక బండి, ముందు బరువైన ఇంజన్, ఆ కాలపు టైర్లు. వాన పడిన రోడ్డు మీద యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తొక్కితే వెనక భాగం ముందుకొస్తుంది. నడపడానికి కొంటానంటే నా సలహా వద్దనే. దాచుకోవడానికి కొంటారా, డబ్బుకి వెనకాడరా, కాగితాలు చదివే నిపుణుడు వెంట ఉన్నాడా? అప్పుడు వేరే మాట. ఇది కూడా డీలరు చేతిపనే కాబట్టి 1967 కమారో చిక్కులన్నీ దీనికీ వర్తిస్తాయి, పైగా ధర ఇంకా ఎక్కువ.

## డ్యూస్: నేను చాలామందికి చెప్పే కారు

1969 అయ్యేసరికి ఇన్సూరెన్స్ కంపెనీలు మేలుకున్నాయి. 427 అన్న మాట పాలసీ కాగితంలో కనపడితే కుర్రాళ్ళకి ఇన్సూరెన్స్ ఇవ్వడం మానేశాయి, లేదా కారు కిస్తీ కంటే ఎక్కువ ప్రీమియం అడిగాయి. ఇన్సూరెన్స్ లేకపోతే కారు లోన్ రాదు, లోన్ రాకపోతే అమ్మకం లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా షెవర్లే కూడా 1970కి షెవెల్లో 454 పెట్టి సొంతంగా అమ్మడం మొదలుపెట్టింది. యెంకో ప్రత్యేకత పోయింది.

ఆయన ఇక్కడ వేసిన ఎత్తు నాకు కమారో కంటే ఎక్కువ నచ్చుతుంది. 1970 నోవాలో 350 అంగుళాల ఎల్‌టీ-1 ఇంజన్ పెట్టించాడు, కోపో 9010 కింద, ఫ్యాక్టరీలోనే. కొత్త జెడ్28 కమారోలో ఉన్న 360 హార్స్‌పవర్ ఇంజన్ అది. పాలసీ రాసే గుమాస్తాకి కనపడేది "నోవా, 350 ఇంజన్" అని మాత్రమే. అమ్మలూ నాన్నలూ కొనే మామూలు నోవాలో కూడా 350 ఉండేది. పేరు డ్యూస్. నోవాని అంతకుముందు షెవీ టూ అనేవారు, డ్యూస్ అంటే పేకలో రెండు. మొత్తం 175 తయారయ్యాయని లెక్క.

నడిపితే తేడా తెలుస్తుంది. చిన్న ఇంజన్ కాబట్టి ముందు బరువు తగ్గింది, మలుపులో కారు మాట వింటుంది. ఇంజన్ గబగబా పైకి పరిగెడుతుంది. ట్యాపెట్ సెట్టింగ్, ప్రీమియం పెట్రోలు బాధలు దీనికీ ఉన్నాయి, 4.10 యాక్సిల్ హైవే మీద ఇక్కడా అరుస్తుంది. కానీ చిన్న షెవర్లే వీ8 తెలియని మెకానిక్ అమెరికాలో ఉండడు. విడిభాగాలు వీధి చివర దొరుకుతాయి. ఫ్యాక్టరీలో పుట్టిన కారు కాబట్టి రుజువుకి దారి ఉంది. అసలు 427 కమారో ధర రెండు మూడు లక్షల డాలర్ల పైమాట అయితే, డ్యూస్ దానికి చాలా కింద దొరుకుతుంది. యెంకో తెలివి, ఫ్యాక్టరీ కాగితం, నడిపే సుఖం, ఈ మూడూ ఒకేచోట దొరికేది దీంట్లోనే.

## మిగిలినవి

షెవర్లే చిన్న కారు వేగాని మార్చి 1970ల మొదట్లో తెచ్చిన వేగా స్టింగర్, 1981లో చాలా కొద్దిగా చేసిన టర్బో జెడ్ కమారో కూడా యెంకోవే. వేగాకి టర్బో పెట్టాలనుకుంటే కాలుష్య నిబంధనల పరీక్షలు అడ్డొచ్చాయి. చరిత్ర పూర్తిగా సేకరించేవాళ్ళకి ఇవి ముద్దు. మొదటి కారుగా వద్దు.

కొత్త తరం కార్లలో యెంకో పేరు కావాలంటే, న్యూజెర్సీలోని స్పెషాల్టీ వెహికల్ ఇంజనీరింగ్ సంస్థ ఆరో తరం కమారోలని యెంకో పేరుతో మార్చి అమ్మింది, కొన్నిట్లో వెయ్యి హార్స్‌పవర్ పైనే. ఏసీ ఉంది, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, వారంటీ ఇచ్చారు. కారు గొప్పదే, కానీ దానికీ క్యానన్స్‌బర్గ్‌కీ మధ్య ఉన్నది పేరు బంధం మాత్రమే.

ఇక ట్రిబ్యూట్. మామూలు 1969 కమారోకి 427 ఎక్కించి, చారలు వేసి, "ఇది అసలుది కాదు" అని చెప్పి అమ్మే కారు. దీన్ని చిన్నచూపు చూడకండి. ధర అసలుదాంట్లో నాలుగో వంతో అంతకన్నా తక్కువో. ఏసీ పెట్టించుకోవచ్చు, 4.10 తీసేసి హైవేకి పనికొచ్చే యాక్సిల్ వేయించుకోవచ్చు, డిస్క్ బ్రేకులు మార్చుకోవచ్చు, ఒక్క గీత పడితే గుండె ఆగదు. షరతు ఒకటే: అమ్మేటప్పుడు మీరూ నిజం చెప్పాలి.

| కారు | ఇంజన్ | పెట్టింది ఎవరు | రుజువు | రోడ్డు మీద | ఎవరికి |
|---|---|---|---|---|---|
| స్టింగర్ 1966 | 2.7 లీటర్ల ఆరు సిలిండర్లు | డీలరు | నంబరు రేకు, సంఘాల లెక్కలు | చురుకు, శ్రద్ధ కావాలి | మలుపులు ఇష్టపడేవాళ్ళు |
| కమారో 1967–68 | 427 | డీలరు | చాలా కష్టం | గట్టి బండి | చరిత్ర తెలిసిన సేకర్తలు |
| కమారో 1969 | 427 | ఫ్యాక్టరీ | గట్టిది, యెంకో కాగితం కూడా కావాలి | అరగంట ఆనందం | పెట్టుబడి, పేరు రెండూ కావాలనేవాళ్ళు |
| షెవెల్ 1969 | 427 | ఫ్యాక్టరీ | గట్టిది | కాస్త విశాలం | కుటుంబంతో వెళ్ళేవాళ్ళు |
| నోవా 1969 | 427 | డీలరు | చాలా కష్టం | ప్రమాదకరం | దాచుకునేవాళ్ళు మాత్రమే |
| డ్యూస్ 1970 | 350 | ఫ్యాక్టరీ | బాగుంటుంది | అన్నిట్లో సమతూకం | మొదటి యెంకో కొనేవాళ్ళు |
| ట్రిబ్యూట్ | మీ ఇష్టం | ఎవరైనా | అక్కర్లేదు | మీరు చేసుకున్నంత సుఖం | వారం వారం నడిపేవాళ్ళు |

## మీరు ఎలాంటివాళ్ళు

డాలస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉంటూ, రెండు కార్ల గ్యారేజీ, ఇద్దరు పిల్లలు, శనివారం ఉదయం రెండు గంటలు తీరిక ఉన్నవాళ్ళయితే నేను ట్రిబ్యూట్ అంటాను, లేదా చెయ్యి కాస్త చాచగలిగితే డ్యూస్. అసలు 427 కమారో తెస్తే పార్కింగ్‌లో పెట్టిన ప్రతిసారీ టెన్షన్. పిల్లవాడు షూతో తలుపు తన్నితే మీరు అనే మాట వాడికి జీవితాంతం గుర్తుంటుంది.

చలికాలం ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఉంటే ఏ కారైనా ఆరు నెలలు మూసిపెట్టాలి. అక్కడే పుట్టి పెరిగిన కారు కొంటున్నారంటే ట్రంక్ అడుగు, వెనక చక్రాల మీది అంచులు, ముందు అద్దం కింద రేకు ముందు చూడండి. పై పెయింట్ ఎంత మెరిసినా తుప్పు మొదలయ్యేది అక్కడే.

డబ్బు పెట్టుబడిగా చూసేవాళ్ళకి 1969 కమారో ఒక్కటే చెప్తాను. గిరాకీ ఎప్పుడూ ఉంది, కొనేవాడు దొరుకుతాడు, రుజువు తేలిక. నోవా ఇంకా అరుదు, కానీ అరుదైనదాన్ని అమ్మాలంటే అంత అరుదైన కొనుగోలుదారు కూడా కావాలి.

హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్ళాలన్న కోరిక ఉన్నవాళ్ళు కారు కంటే ముందు కస్టమ్స్ ఏజెంట్‌తో మాట్లాడండి. పాత కార్ల దిగుమతి నిబంధనలు వేరు, సుంకాలన్నీ కలిపితే కారు ధరని మించిపోతాయి. స్టీరింగ్ ఎడమవైపు, ఏసీ లేదు, మే నెల ఎండ. చిన్న నమూనా బొమ్మ కారు కొని బల్ల మీద పెట్టుకుంటే తప్పేం లేదు.

## డబ్బు ఇచ్చేముందు

నా స్నేహితుడొకడు ఒక అమ్మకందారు దగ్గర పచ్చ రంగు 1969 కారు చూసి మనసు పారేసుకున్నాడు. చారలు, తలగడ గుర్తులు, బానెట్ కింద 427, అన్నీ ఉన్నాయి. అడ్వాన్స్ కట్టే రోజు నన్ను తోడు రమ్మన్నాడు. నాకు తెలిసింది తక్కువే కాబట్టి ఆరు వందల డాలర్లు ఇచ్చి ఒక నిపుణుణ్ణి పిలిపించాం. ఆయన గట్టు మీద నూనె తుడిచి, వేలితో ఒకసారి రాసి, భూతద్దంలో చూసి లేచాడు. గట్టు అద్దంలా నున్నగా ఉంది. ఫ్యాక్టరీ మిషను వదిలే గీతలు ఒక్కటీ లేవు. పాత నంబర్లు అరగదీసి కొత్తవి కొట్టారన్నమాట. మావాడు ఆ రోజు అన్నం తినలేదు. కానీ ఏనుగుని కొనేవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదు. ఆ ఆరు వందలే వాణ్ణి కాపాడాయి.

అందుకని నిపుణుడి ఖర్చు కారు ధరలో భాగమే అనుకోండి. అతన్ని అమ్మకందారు తెచ్చేవాడు కాకుండా మీరే వెతుక్కోండి. పాత వారంటీ పుస్తకంలో ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న అల్యూమినియం రేకు ఉంటుంది, దాని మీద కారు నంబరు, ఇంజన్ కోడ్, యాక్సిల్ కోడ్ ఉబ్బెత్తుగా కొట్టి ఉంటాయి. ఆ రేకు, డీలరు బిల్లు, షోరూమ్‌లో కారు అద్దానికి అంటించిన ధరల చీటీ, వీటిలో కనీసం ఒకటైనా అసలుది చూపించమనండి. రేకుల నకిలీలు కూడా తయారవుతున్నాయి కాబట్టి దాని మీది కోడ్‌లు ఇంజన్‌తో, యాక్సిల్‌తో ఒకదానికొకటి కలవాలి. ఇంజన్ పోత తేదీ కారు తయారైన తేదీ కంటే ముందుండాలి, వారాల తేడాలో, ఏడాది తేడాలో కాదు. యెంకో కార్ల లెక్క రాసే రిజిస్ట్రీలకి ఛాసిస్ నంబరు పంపించి అడగండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మామూలు పాలసీ కాకుండా, కారు విలువ ఇంత అని ముందే ఒప్పుకుని రాసిచ్చే పాలసీ తీసుకోండి. మామూలు పాలసీలో యాభై ఏళ్ళ నోవా విలువ తుక్కు ఇనుము ధరే.

ఇప్పుడు వెతుకుతూ ఉంటే, పోయేటప్పుడు జేబులో చిన్న టార్చ్, భూతద్దం, నూనె తుడవడానికి పాత బనియన్ ముక్క తీసుకెళ్ళండి. గట్టు చూపించడానికి ఓనరు సంతోషంగా ఒప్పుకుంటే మాట ముందుకు సాగించండి. "పెయింట్ చూడండి సార్, ఆ మురికంతా ఎందుకు" అంటే మాత్రం థాంక్స్ చెప్పి వచ్చేయండి.